మూత

మంగళవారం రాత్రి పదకొండున్నరకి
ఆవం ఇంకా పన్నెండొందల డిగ్రీలు దాటలేదు.
సిలిండర్‌లో గ్యాస్ ఎంత మిగిలిందో
తడితే తెలిసేది కాదు.
అయినా తట్టాను.

లోపల కర్క్‌వాల్ కాఫీ హోటల్‌కి ముప్పై ఎనిమిది కప్పులు,
బడిపంతులు పెళ్లికి ఆరు పళ్లాలు,
పై అరలో, మంట కాస్త మెత్తగా తగిలే చోట
మూడు మూతలు.

మాన్సీకి కావలసింది ఒకటే.
ఆయన టీకుండ చేసింది నేను కాదు,
నాకు సారె నేర్పిన మెర్రన్.
కొలతలు ఏనాడూ కాగితం మీద పెట్టని మనిషి.
అడిగితే బొటనవేలు చూపించేది.
ఆ వేలు మట్టిలో కలిసి తొమ్మిదేళ్లు.
పోయిన చలికాలం మూత జారి గచ్చు మీద ఐదు ముక్కలైంది.
అప్పట్నుంచీ మాన్సీ
కుండ మూతికి సాసరు బోర్లించి నెట్టుకొస్తున్నాడు.

మట్టి ఎండితే ఒదుగుతుంది, కాలితే ఇంకా ఒదుగుతుంది.
నూటికి పన్నెండు వంతులు, కాస్త అటూ ఇటూ.
పచ్చి మీద సరిపోయిన మూత
కాలాక కుండలో పడి మునుగుతుంది.
అందుకని ఒకటి పన్నెండు లెక్కకి, ఒకటి పదమూడుకి,
మూడోది కళ్లు మూసుకుని నా బొటనవేలికి.

ఒంటిగంటకి చూపుకన్నంలో
మొదటి శంకువు నడుం వంచింది.
రెండోది ఆలోచిస్తోంది.
బయట వెస్ట్రే దీవంతా గాలి. ఒక్క దీపం లేదు,
నా ఆవం కన్ను తప్ప.
రెండూ నలభైకి రెండోదీ వాలింది.
మంట కట్టేసి, చెప్పులతోనే పడుకున్నాను.

బుధవారం చేయగలిగిన పని ఆవం తలుపు తీయకపోవడం.
చాలా కష్టమైన పని.

గురువారం తీశాను.
చల్లగాలి తగిలి పూతలు టింగుమంటున్నాయి,
ముప్పై ఎనిమిది చిన్న గొంతులు, వరసలు కలవకుండా.
పళ్లెం ఒకటి పూత కారి అరకి అతుక్కుపోయింది.
రెండు కప్పుల చెవులు నెర్రెలిచ్చాయి.
కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు.
నా గుదియ మంటలోనే ఎక్కడో ఉంది,
పట్టుకుందామంటే చేతికి దొరకదు.

అడుగులు గీరి నున్న చేసి
పోయిన నెల పేపర్లలో చుట్టాను:
గొర్రెల ధరల్లో పన్నెండు కప్పులు,
చావు ప్రకటనల్లో నాలుగు,
పడవ వేళల్లో మిగతావి.

ఆ వేళలు అబద్ధమని శుక్రవారం తేలింది.
అలలు ఎక్కువ, పడవ లేదు.
రాప్‌నెస్ రేవులో వ్యాన్ వరుసలో నిలబెట్టి
గంటసేపు అద్దం మీద ఉప్పు చూశాను.
తర్వాత వెనక్కి తిప్పి మాన్సీ ఇంటికి పోయాను.

పన్నెండు లెక్కది బిగుసుకుంది.
పదమూడుది లొడలొడలాడింది.
బొటనవేలిది
చిన్న చప్పుడు చేసి కూర్చుంది,
తలుపు గొళ్లెం పడినట్టు.

మాన్సీ దాన్ని తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.
ఆమె పేరు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
మూతని కిటికీ గట్టు మీద, గవ్వల పక్కన, జాగ్రత్తగా పెట్టాడు.
టీ కాచి కుండలో పోసి
మళ్లీ సాసరే బోర్లించాడు.
"అలవాటు పడింది," అన్నాడు.
కుండో, తనో చెప్పలేదు.
నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపం,
తర్వాత రెండో కప్పు టీ.

శనివారం పడవ కదిలింది.
ప్రతి అలకీ వెనక పెట్టెలు గొణిగాయి.
కర్క్‌వాల్‌లో బ్రైడీ రెండుసార్లు లెక్కపెట్టింది.
"ముప్పై ఎనిమిదన్నావు."
"ముప్పై ఆరు పుట్టాయి."
ఆ రెంటికీ డబ్బు తగ్గించి ఇచ్చింది, న్యాయమే,
గ్యాస్‌కి సరిపోయింది, పడవకి సరిపోలేదు.

సంతకం పెడదామని పెన్ను కోసం జేబు వెతికితే
రెండు మూతలు బయటికొచ్చాయి.
"ఇవి వేటివి?" అంది బ్రైడీ.
వాటికింకా కుండల్లేవు.
సోమవారం మట్టి నలపాలి.